ఉప్పుకుప్ప ఎక్కిన పేదరికం

కొత్తకొటార్లపాలెంలో ఉన్నవి అరవై మూడిళ్ళు. అరవై మూడూ పేదవాళ్ళవే. ఈ సంగతి అక్కడి వాళ్ళకి తాతల నాటి నుంచీ తెలుసు. కానీ చూడండి, తాము పేదవాళ్ళమని పైవాళ్ళకి ఎప్పటికప్పుడు తెలియజేసుకునే సాధనమేదీ లేకుండానే పాపం ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. ఆ లోటు తీర్చడానికి 'ఊర్ధ్వ సామాజిక పెట్టుబడి నిధి' వారు మార్గశిరమాసంలో ఒక మంగళవారం పొద్దున రెండు తెల్లకార్లలో దిగారు. దిగి, ఇంటికొకటి చొప్పున అరవై మూడు సెల్‌ఫోన్లు పంచారు.

ఊరంతా ఉప్పు కొటార్ల మీద బతికేదే. సముద్రపు నీళ్ళు మడుల్లో కట్టి, ఎండనిచ్చి, తేలిన ఉప్పుని గొర్రుతో లాగి, గంపలకెత్తి గట్టు మీద కుప్ప పోస్తారు. నాంచారమ్మ పాతికేళ్ళుగా ఆ గంపలు మోస్తోంది. ఆమె మొగుడు పోలయ్య కూడా మోసినవాడే గానీ, మిట్టెండలో ఉప్పు తెలుపు చూసీ చూసీ అతని కళ్ళకి మసకలు కమ్మాయి. ఇప్పుడు ఇంటి ముందు కూర్చుని తాళ్ళు పేనుతుంటాడు. ఆడపిల్లలిద్దరూ బడికి పోతారు. ఆ నాలుగు నోళ్ళకీ చౌకడిపో నుంచి మనిషికి ఐదు కేజీల లెక్కన నెలకి ఇరవై కేజీల బియ్యం వస్తాయి. ఆ ఇంట్లో పొయ్యి మీదికి కుండ ఎక్కేది ఆ ఇరవై కేజీల ధైర్యంతోనే. అందుకని ఫోను చేతికి రాగానే నాంచారమ్మ అడిగిన మొదటి మాట అదే.

"ఇది తీసుకుంటే మా బియ్యానికేం అడ్డం రాదు గదయ్యా?"

నిధి తరఫున వచ్చినాయన పేరు కౌస్తుభ్. జిల్లా ప్రభావ సమన్వయకర్త అని మెడలో పలక వేళ్ళాడుతోంది. మనిషి మంచివాడు. ఎవరేం అడిగినా విసుక్కోడు. ఆ సహనమే ఆయనతో వచ్చిన చిక్కు.

"అమ్మా, మేము దానం చెయ్యడానికి రాలేదు. మీలో పెట్టుబడి పెట్టడానికి వచ్చాం" అన్నాడు. "దూరదేశాల్లో మనసున్న మదుపుదారులున్నారు. మీరు పేదరికంలోంచి పైకి లేచిన కొద్దీ వారికి ప్రతిఫలం అందుతుంది. మీ ఉన్నతే వారి లాభం."

"మేం బాగుపడితే వాళ్ళకి లాభమా!" అంది పక్కింటి దీనమ్మ, నాంచారమ్మకి వదిన వరస. "పోన్లే, ఇన్నాళ్ళూ మేం చెడితేనే లాభమనేవోళ్ళని చూశాం. ఈళ్ళెవరో కొత్తరకంగా ఉండారు."

కౌస్తుభ్ ఫోనులో యాప్ చూపించాడు. అది రోజుకి మూడు పూటలా దానంతటదే పలుకుతుంది. చాలా మర్యాదగల ఆడగొంతు. "నమస్కారం. ఈ పూట మీరు పేదవారా?" అంటుంది. 'అవును' అని ఎర్రమీట, 'కాదు' అని పచ్చమీట. ఏదో ఒకటి నొక్కాలి. వరసగా ఏడు రోజులు ఏ ఇంటి నుంచైనా సమాధానం అందకపోతే ఆ ఇల్లు పేదరికం నుంచి బయటపడినట్టు నిధి లెక్క.

"అదెట్టా?" అంది నాంచారమ్మ.

"చాలా సులభం. మీరు పలకలేదంటే మీకు తీరిక లేదన్నమాట. తీరిక లేదంటే వ్యాపకాలు పెరిగాయన్నమాట. వ్యాపకాలు పెరిగాక ఇంకా పేదరికమెక్కడిది? మార్గదర్శక గ్రంథంలో నలభయ్యో పేజీ."

"చచ్చిపోతేనో?" అన్నారు వెనకనుంచి ఎవరో.

"వారు మరీ తొందరగా విముక్తులైనట్టు" అన్నాడు కౌస్తుభ్, ఏమాత్రం తడుముకోకుండా. "ఇక బియ్యం సంగతి. మీ బియ్యం జాబితాని పైస్థాయిలో ఈ యాప్‌తో అనుసంధానం చేయించాం. యాప్‌లో పేదవారైతే బియ్యం వాటంతటవే వస్తాయి. ఏ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు."

ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదనే మాట చెవిన పడేసరికి ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. నాంచారమ్మ అందరికన్నా గట్టిగా కొట్టింది. ఆ చప్పట్లు ఆమెకి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చాయి.

తెల్లకార్లు వెళ్ళిపోయాక తెలిసిందేమిటంటే, ఊళ్ళో సిగ్నల్ లేదు. ఇంట్లో లేదు, వీధిలో లేదు, మడుల దగ్గరా లేదు. ఊరు పల్లంలో ఉంది మరి. వెతగ్గా వెతగ్గా ఒక్కచోట దొరికింది. ఆ యేడు ధర పలక్క కొటార్ల ఆసామి అమ్మకుండా ఆపిన ఉప్పుకుప్ప ఒకటి గట్టు మీద మేడంత ఎత్తున ఉంది. దాని నెత్తిన నిలబడి ఫోను పైకెత్తితే రెండు గీతలు వస్తున్నాయి.

ఇంకేం, పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి, సాయంత్రం ఐదింటికి ఇంటికొకరు చొప్పున ఆడవాళ్ళు కుప్ప ఎక్కడం మొదలుపెట్టారు. కాళ్ళకున్న పగుళ్ళలో ఉప్పు గుచ్చుకుంటుంటే అబ్బా అమ్మా అనుకుంటూ, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నెత్తికి చేరి, ఆకాశం వంక ఫోనెత్తి ఎర్రమీట నొక్కి దిగేవాళ్ళు. ఉప్పు కప్పిన తాటాకులు రోజూ జారిపోతున్నాయని మేస్త్రి తిట్టేవాడు. "పేదరికం చెప్పుకోడానికి మా కుప్పే దొరికిందా మీకు!" అనేవాడు. అతనికీ ఓ ఫోనుంది. అతనూ ఎక్కేవాడు.

పోలయ్యకి మీటలు కనబడవు. ఫోను ఇంట్లో ఉన్నప్పుడు పలికిందంటే మాత్రం చేతిలో తాడు పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి, "అవునమ్మా, పేదోళ్ళమే" అని చెప్పేవాడు.

"అది మడిసి గాదయ్యా, దానికి ఇనపడదు" అనేది నాంచారమ్మ.

"అంత మర్యాదగా అడిగిన మడిసికి పలక్కపోతే ఏం బాగుంటది?" అనేవాడు.

ఇలా రెండు నెలలు ఏ లోటూ లేకుండా పేదవాళ్ళుగా బతికారు. తర్వాత ఉప్పు ధర లేచింది. ఆసామి లారీలు పంపాడు. నాలుగు రోజుల్లో మేడంత కుప్ప ఖాళీ అయిపోయి, కింద తడినేల మిగిలింది. సిగ్నల్ కూడా ఆ లారీల్లోనే పోయింది. కొత్త కుప్ప మళ్ళీ మొదటి గంప నుంచి మొదలైంది. ఎర్రమీట నొక్కితే ఫోను, "మీ సమాధానం భద్రపరచబడింది. సిగ్నల్ లభించిన వెంటనే పంపబడుతుంది" అని మర్యాదగానే చెబుతోంది గనక ఎవరూ పెద్దగా కంగారు పడలేదు.

నెల మొదట్లో నాంచారమ్మ సంచి పట్టుకుని చౌకడిపోకి వెళ్ళింది. డీలరు వీరరాఘవులు ఆమె వేలు మిషను మీద పెట్టించి, తెర చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నాంచారమ్మా, ఏం అనుకోవద్దు. నీకు బియ్యం లేవు."

"లేకపోవడమేంది రాఘవులన్నా? ఆ బస్తాలన్నీ ఎవరియ్యి?"

"నీవి మాత్రం కావు. ఇక్కడ 'ఎదిగిన కుటుంబం' అని వస్తా ఉంది. పక్కన పూలగుత్తి బొమ్మ గూడా ఉంది చూడు."

"ఎవురన్నా ఎదిగింది? మొన్న నీ దగ్గర తీసకపోయిన బియ్యం అడుగంటినయ్యి. మా ఆయనకి కళ్ళు కనపడవు. ఇద్దరు పిల్లలు. నేనేం ఎదిగానో నువ్వే చెప్పు!"

వీరరాఘవులు నిజంగానే ఆమెని కిందనుంచి పైదాకా చూశాడు. "నాకు తెలుసులేమ్మా. కానీ మిషనుకి తెలవాల. నువ్వొక్కదానివే గాదు, మీ పాలెమంతా పూలగుత్తే" అన్నాడు. సంచి ఖాళీగా మడిచి చంకలో పెట్టుకుని వస్తుంటే నాంచారమ్మకి ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది. పాతికేళ్ళు గంపలు మోసినప్పుడు రాని ఎదుగుదల, కుప్ప లారీ ఎక్కితే వచ్చిందంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు!

ఆ వారమే కౌస్తుభ్ మిఠాయి పొట్లాలతో వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. జిల్లా మొత్తం మీద, ఆ మాటకొస్తే నిధి పనిచేసే పదకొండు దేశాల్లో, ఇంత తక్కువ వ్యవధిలో పేదరికం నూటికి నూరుపాళ్ళూ తుడిచిపెట్టుకుపోయిన ఊరు ఇదొక్కటేనట.

"మీ మిఠాయి మాకొద్దు. మా బియ్యం మాకిప్పించండి" అంది నాంచారమ్మ.

"అమ్మా, బియ్యం పేదలకి."

"మేం పేదోళ్ళమేగా!"

"అది మీ అభిప్రాయం" అన్నాడు కౌస్తుభ్ మృదువుగా. "చాలామంది ఎదిగాక కూడా పాత అలవాటు కొద్దీ అలా అనుకుంటారు. దానికి మా దగ్గర మనోధైర్య శిక్షణ ఉంది. అయినా మీరు పేదరికంలోకి తిరిగి రాదల్చుకుంటే ఆ దారీ మూసెయ్యలేదు. దాన్ని పునఃప్రవేశం అంటాం. యాప్‌లో 'అవును' నొక్కండి, చాలు."

"నొక్కతానే ఉండాం. సిగ్నల్ లేదు."

"సిగ్నల్ లేకపోతే సమాధానం రాదు. సమాధానం రాకపోతే మీరు ఎదిగినట్టు. ఎదిగినవారికి పునఃప్రవేశం అవసరం లేదు." ఆయన ఆ మూడు మాటలూ ఎంత నమ్మకంగా చెప్పాడంటే, నాంచారమ్మ ఒక్క క్షణం ఎక్కడ తప్పిందో పట్టుకోలేకపోయింది.

దీనమ్మ ముందుకొచ్చింది. "సారూ, మా ఊరికో టవరు ఏపియ్యండి. పన్లోపని."

కౌస్తుభ్ మొహంలో మొదటిసారి భయం కనిపించింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట పైకి అనకండమ్మా. మా పరిశోధనా విభాగం పదకొండు దేశాల సమాచారం గుది గుచ్చింది. టవర్లున్న చోట పేదరికం ఎంతకీ తగ్గడం లేదు. టవర్లు లేనిచోట ఏడో రోజుకల్లా మాయమైపోతోంది. దీన్నిబట్టి మీకేం తెలుస్తోంది? టవరు వస్తే మీ ఊళ్ళో పేదరికం తిరగబెట్టే ప్రమాదం ఉంది. పక్క జిల్లాలో ఉన్న రెండు టవర్లు కూడా తీయించమని నిధి తరఫున వినతిపత్రం ఇచ్చాం."

ఆయన వెళ్ళాక ఆడవాళ్ళంతా కొత్త కుప్ప దగ్గర కూర్చున్నారు. కుప్ప ఇంకా మోకాలెత్తే ఉంది.

ఇక్కడ కొటారు అలవాటు ఒకటి చెప్పాలి. అక్కడ ఎవరి కొబ్బరిచిప్ప వారికుంటుంది. గంప మోసుకొచ్చి కుప్ప మీద దిమ్మరించిన ప్రతిసారీ ఓ చింతగింజ ఆ చిప్పలో వేసుకుంటారు. సాయంత్రం మేస్త్రి చూసేది చిప్పే గానీ చెమట కాదు. గింజ పడని గంప మోసినట్టే కాదు, ఆ మనిషి పనికి వచ్చినట్టే కాదు. నాంచారమ్మ తల్లీ అలాగే గింజలేసింది, అమ్మమ్మా వేసింది.

"నాకిప్పుడు తెలిసింది వదినా" అంది దీనమ్మ. "మనం పూటకొక్కసారి నొక్కి ఊరుకుంటన్నాం. పూటకొక్క గింజేస్తే మేస్త్రి మాత్రం నమ్ముతాడంటనా? గంపకొకటి నొక్కాల. అప్పుడు గానీ ఆళ్ళకి తెలవదు."

నాంచారమ్మకి ఇది మార్గదర్శక గ్రంథం నలభయ్యో పేజీ కన్నా సబబుగా తోచింది. మర్నాటి నుంచీ ఫోను తెచ్చి చిప్ప పక్కనే గుడ్డలో పెట్టుకుంది. గంప దిమ్మరించడం, చింతగింజ వెయ్యడం, ఎర్రమీట నొక్కడం. "మీ సమాధానం భద్రపరచబడింది" అనేది ఫోను. మళ్ళీ గంప, మళ్ళీ గింజ, మళ్ళీ మీట. రోజుకి నలభై గంపలు, నలభై నొక్కుళ్ళు. నాలుగు రోజుల్లో ఊరంతా ఇదే వరస. గట్టు పొడుగునా ఆ ఆడగొంతు అరవై మూడు నోళ్ళతో భద్రపరచబడిందని చెబుతూనే ఉండేది. ఒకటి మాత్రం నిజం, అది ఒక్కటి కూడా పారెయ్యలేదు. అన్నీ దాచింది.

ఇంట్లో బియ్యప్పెట్టె ఖాళీ అయింది. పిల్లలకి బడిలో మధ్యాహ్నం పెట్టే అన్నం ఒకటి దిక్కయింది. మిగతా పూటలు నూకల జావ. పోలయ్య తన వంతు గిన్నె చేత్తో తడిమి చూసుకుని, "నాకు ఆకలి లేదే, నువ్వు తాగు, గంపలు మోసేదానివి" అనేవాడు. ఆ అబద్ధం రోజూ అదే మాటల్లో చెప్పేవాడు. ఆమె మొహం తిప్పుకుని, "తాగుతావా, నెత్తిన పొయ్యనా?" అని కసిరేది. ఇంకోసారి బియ్యం రాని నెల గడిస్తే పెద్దపిల్లని బడి మాన్పించి కొటారుకి తీసుకుపోవడమే. చిప్ప ఒకటి అటక మీద ఉంది కూడా. దాన్ని దించకుండా ఎన్నాళ్ళు గడపగలనన్నదే నాంచారమ్మకున్న బెంగంతా.

రెండో నెలలో కబురొచ్చింది. కొత్తకొటార్లపాలెంలో పేదరిక పట్టభద్రోత్సవం జరపాలని నిధి నిర్ణయించింది. ముఖ్య ప్రభావాధికారి చిదానందగారు స్వయంగా వస్తారు. దూరదేశాల మదుపుదారులు తమ తమ ఇళ్ళ నుంచే తెర మీద చూస్తారు. ప్రసారం పొలం నుంచే, అంటే మడుల మధ్య నుంచే, జరగాలి. ఏర్పాట్లకి వచ్చిన కౌస్తుభ్ ఫోను తీసి చూసుకుని నిర్ఘాంతపోయాడు.

"ఇక్కడ సిగ్నల్ లేదే!"

"ఎదిగినోళ్ళకి అక్కర్లేదన్నారు గదా" అంది నాంచారమ్మ.

కౌస్తుభ్ వెదురుబొంగుకి ఫోను కట్టి ఎత్తి చూశాడు. పదహారడుగుల ఎత్తున రెండు గీతలొచ్చాయి. చిదానందగారు వెదురుబొంగు ఎక్కలేరు గనక అంత ఎత్తు కుప్ప కావాలన్నాడు. గట్టు మీద ఉన్న చిన్న కుప్పలన్నీ ఒకచోట చేర్చమన్నాడు. ఇది కూలిపని కాదని, కృతజ్ఞతా శ్రమ అని, దీనికి చిప్పలో గింజలు వెయ్యనక్కర్లేదని కూడా చెప్పాడు.

"మోస్తాం" అంది నాంచారమ్మ. "మీ పెద్దాయనతో మా బియ్యం సంగతి చెప్పుకోనిస్తారా?"

"మీ అనుభవాలు పంచుకోవడానికి అరనిమిషం కేటాయించాం."

అరనిమిషం కోసం మూడు రోజులు మోశారు. కుప్ప మేడంత లేచింది. గింజలు వెయ్యొద్దన్నారు గానీ మీట నొక్కొద్దని ఎవరూ అనలేదు గనక నొక్కుతూనే ఉన్నారు.

ఉత్సవం రోజున పొద్దున పదికల్లా ఎండ చుర్రుమంటోంది. అరవై మూడు మందికీ నల్లగౌన్లు తొడిగి, నెత్తిన కుచ్చుల టోపీలు పెట్టారు. దీనమ్మ టోపీ గాలికి రెండుసార్లు మడిలో పడింది. చిదానందగారికి కుప్ప మీద దాకా పలకల మెట్లు వేశారు. కుప్ప నెత్తిన కుర్చీ, గొడుగు, పక్కన పెద్దతెర. తెర మీద ఒకవైపు పన్నెండు మంది మదుపుదారుల మొహాలు, రెండోవైపు మూడడుగుల అక్షరాల్లో 'కొత్తకొటార్లపాలెం. ప్రస్తుత పేదలు: 0' అని ఉంది. సిగ్నల్ అందుకునే పెట్టె ఒకటి గొడుగు కర్రకి కట్టారు.

చిదానందగారు మొదలుపెట్టారు. "మిత్రులారా! పేదరికం ఒక స్థితి కాదు. అది ఒక అనుసంధాన లోపం. మనం ఆ లోపాన్ని మీట స్థాయిలో, మనిషి స్థాయిలో, మదుపు స్థాయిలో సమగ్రంగా సంబోధించాం. ఫలితం ఈ సున్నా. ఈ సున్నా నా జీవితంలో నేను చూసిన అతి పెద్ద సంఖ్య!"

పన్నెండు మొహాలూ చప్పట్లు కొట్టాయి. ఒక తెల్లజుట్టు పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడు పట్టభద్రులందరూ కుప్ప ఎక్కి, తమ జీవితాలని మార్చిన ఫోన్లని ఆకాశంలోకి ఎత్తుతారు!"

ఇది చిదానందగారి సొంత ఆలోచన. ఫొటోలో బాగుంటుందని రాత్రే తట్టిందట. నాంచారమ్మ గౌను కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఎక్కింది. వెనక దీనమ్మ, దీనమ్మ వెనక మేస్త్రి, ఆ వెనక ఊరంతా. ఉప్పు మీద కాళ్ళు నిలదొక్కుకుని అరవై మూడు చేతులూ పైకి లేచాయి.

ముందు నాంచారమ్మ ఫోను ఒకసారి వణికింది. తర్వాత ఇక ఆగలేదు. "పంపబడింది. పంపబడింది. పంపబడింది" అంటూ ఆడగొంతు ఊపిరి తిప్పుకోకుండా అందుకుంది. అరవై మూడు ఫోన్లూ ఒక్కసారి అందుకున్నాయి. నెలన్నరగా దాచిపెట్టిన నొక్కుళ్ళన్నీ, గంపకొకటి చొప్పున, సిగ్నల్‌లోకి పరిగెత్తాయి.

తెర మీది సున్నా నాలుగు వందలైంది. నాలుగు వందలు తొమ్మిది వేలైంది. యాప్ తప్పేమీ లేదు పాపం. ఒకే ఫోను నుంచి ఒకే క్షణంలో పంధొమ్మిది వందల పధ్నాలుగు 'అవును'లు వస్తే, ఒక్క మనిషి అన్నిసార్లు ఎలా నొక్కగలడు? ఆ ఇంట్లో పంధొమ్మిది వందల పధ్నాలుగు మంది ఉండి ఉంటారని అది న్యాయంగానే లెక్కేసింది. అంకె నలభై వేలు దాటింది, ఎనభై దాటింది, లక్షా పధ్నాలుగు వేల చిల్లర దగ్గర ఆయాసపడుతూ ఆగింది. కౌస్తుభ్ ఉప్పు మీద చతికిలబడ్డాడు.

నాంచారమ్మ తన అరనిమిషం వచ్చిందనుకుని మైకు అందుకుంది. "అయ్యా, మాకేం వద్దు. మా నలుగురికీ ఇరవై కేజీల బియ్యం..."

చిదానందగారు మెల్లిగా మైకు లాక్కున్నారు. ఆయన రెండు క్షణాలు తెర వంక చూశారు, రెండు క్షణాలు మదుపుదారుల వంక చూశారు. అనుభవం ఊరికే పోతుందా!

"మిత్రులారా!" అన్నారు. "ఇప్పుడు మీరు చూసింది ఒక వర్ధమాన విపణి పుట్టుక! లక్షా పధ్నాలుగు వేల మంది పేదలు, ఒకే ఊళ్ళో, ఒకే కుప్ప మీద! ఇంత సాంద్రమైన అవకాశం భూగోళం మీద ఇంకెక్కడా లేదు. నిన్నటిదాకా ఇక్కడ మనకి బాగుచెయ్యడానికి ఎవరూ మిగల్లేదు. ఈరోజు చూడండి!"

పన్నెండు మొహాలూ లేచి నిలబడ్డాయి. ఆ చప్పట్లు ఎంతకీ ఆగలేదు. పెట్టుబడి రెట్టింపు చేస్తున్నట్టు తెల్లజుట్టు పెద్దావిడ అక్కడికక్కడే ప్రకటించింది. గౌన్లు వెనక్కి తీసేసుకున్నారు, పేదవాళ్ళకి పట్టభద్రుల గౌన్లు ఉండకూడదు గనక. మిఠాయి పొట్లాలు కూడా తీసుకుపోయారు. నాంచారమ్మ ఖాళీ చేతులతో కుప్ప దిగి, అటక మీది చిప్ప సంగతి తలుచుకుంటూ ఇంటికి నడిచింది.

పది రోజుల తర్వాత పొద్దున్నే ఊళ్ళోకి లారీలొచ్చాయి. ఒకటి కాదు రెండు కాదు, రోడ్డు మలుపు దాకా వరసకట్టాయి. ముందు లారీలోంచి వీరరాఘవులు దిగాడు. మనిషి సగమయ్యాడు.

"నాంచారమ్మా, నీ ఇంట్లో పంధొమ్మిది వందల పధ్నాలుగు మంది. మనిషికి ఐదు కేజీలు. నూట తొంభై ఒక్క బస్తాలూ, పైన ఇరవై కేజీల సంచీ. ఎక్కడ దించమంటావు?"

"నలుగురమే రాఘవులన్నా! నీకు తెలవదా? ఆ ఇరవై కేజీల సంచి ఇచ్చి మిగతాయి తీసకపో."

"తీసకపోతే నా ఉద్యోగం పోయిద్దమ్మా. ఇరవై కేజీలు ఇవ్వడానికి నలుగురుండే ఇల్లు ఊళ్ళో ఉండాలి గదా? ఒక్కటీ లేదు. దీనమ్మ ఇంట్లో పద్దెనిమిది వందల అరవై మంది. మేస్త్రిగారింట్లో రెండు వేలు దాటారు" అన్నాడు వీరరాఘవులు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "నాకే ఏడుపొస్తా ఉంది. దింపుకోమ్మా, నీకు పుణ్యముంటది."

దించారు. ఇంటి ముందు బస్తాలు పేర్చగా పేర్చగా గుడిసె కనబడకుండా పోయింది. నాంచారమ్మ ఇరవై కేజీల సంచి మాత్రం చంకనెత్తుకుని లోపలికి పోయి, సోలెడు సోలెడు కొలిచి ఎసట్లో పోసింది. ఆ పూట పిల్లలు బడి అన్నానికి ఆగకుండా మధ్యాహ్నం ఇంటికొచ్చారు. పోలయ్య వేడన్నంలో ఉప్పూ పచ్చిమిరపకాయా నంజుకుని, ఇంకొంచెం పెట్టమని తనంతట తనే అడిగాడు. నెలన్నరగా ఆకలి లేదన్న మనిషి మూడోసారి కూడా అడిగాడు. నాంచారమ్మ గరిట పట్టుకునే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఒంటిగంటకి ఫోను పలికింది. చిన్నపిల్ల ఆటకి ఎక్కి దాన్ని బస్తాల నెత్తిన పెట్టినట్టుంది. గొంతు పైనుంచి వచ్చింది. నాంచారమ్మ ఎంగిలిచెయ్యి కడుక్కుని బస్తా మీద బస్తా పట్టుకుంటూ ఎక్కింది. చూస్తే సిగ్నల్ నాలుగు గీతలూ నిండుగా ఉంది. అంత ఎత్తు నుంచి ఊరంతా కనబడింది. ప్రతి ఇంటి ముందూ ఒక బియ్యం కుప్ప, ప్రతి కుప్ప మీదా చేతిలో ఫోనుతో ఒక ఆడమనిషి. పక్క కుప్ప మీద దీనమ్మ.

"ఏం నొక్కుతున్నావే?" అని అరిచింది దీనమ్మ.

"అదే తోచట్లేదు వదినా! 'అవును' అంటే ఇంకోసారి ఇన్ని లారీలొస్తయ్యి. 'కాదు' అంటే ఇయ్యన్నీ ఎత్తకపోతారు. ఇయి పోతే పోయినయ్, లోపల సంచి గూడా ఎత్తకపోతారు. నలుగురమే అని చెప్పే మీట ఏడుంది?"

"నమస్కారం" అంది ఫోను మళ్ళీ, ఏమాత్రం తొందరపెట్టకుండా. "ఈ పూట మీరు పంధొమ్మిది వందల పధ్నాలుగు మందీ పేదవారేనా?"

నాంచారమ్మ ఫోను వంక చూసింది, కింద గుడిసె వంక చూసింది. ఎర్రమీట మీద వేలు పెట్టింది. నిజం చెప్పినన్నాళ్ళూ కదలని సమాధానం, ఈసారి వేలు ఆనీ ఆనకముందే వెళ్ళిపోయింది.

కింద గడప దగ్గర పోలయ్య తాడు పక్కన పెట్టి, గొంతు వచ్చిన వైపు తలెత్తి, రెండు చేతులూ జోడించాడు.

"అవునమ్మా, అందరం పేదోళ్ళమే" అన్నాడు. "ఈ పూటకి మాత్రం నలుగురం తిన్నాం."